ఊరెళ్లేటప్పుడు ప్లగ్గులు పీకాలా, మెయిన్ దించేస్తే చాలా?

మా ఇంట్లో ప్రతి ప్రయాణానికీ ఇదే తంతు. కింద ఆటోవాడు హారన్ కొడుతుంటాడు, సామానంతా గుమ్మం బయట ఉంటుంది, అప్పుడు నాన్న చెప్పులు విప్పి మళ్లీ లోపలికి వెళ్తారు. టీవీ ప్లగ్గు పీకారా, మిక్సీది పీకారా, గీజర్ ఎవరైనా చూశారా అంటూ గదిగదీ తిరిగి, ఆఖరికి మెయిన్ దించేసి "హమ్మయ్య, ఇంక టెన్షన్ లేదు" అని బయటికొస్తారు. మూడేళ్ల కిందట వేసవిలో కూడా అలాగే దించారు. అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పన్నెండు రోజులుండి తిరిగొస్తే ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చి కూర్చుంది.

జరిగిందేమిటంటే, మెయిన్ దించగానే ఇన్వర్టర్‌కి తెలిసింది కరెంటు పోయిందని మాత్రమే. దించింది మా నాన్నా, లైన్‌మనా అన్నది దానికి అనవసరం. వెంటనే బ్యాటరీ మీద నడపడం మొదలెట్టింది. పూజగదిలో 5 వాట్ల బుడ్డి బల్బు ఒకటి వెలుగుతూనే ఉంది, ఎవరూ చూసుకోలేదు. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉండటానికే తనవంతుగా ఓ 15, 20 వాట్లు తింటుంది. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), 12 వోల్టుల బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. గంటకి 25 చొప్పున పోతే మూడు రోజులకి ఖాళీ. మిగతా తొమ్మిది రోజులూ అది ఖాళీగా, మే నెల వేడిలో అలా పడి ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంతసేపు చార్జింగ్ పెట్టినా సరిగ్గా ఎక్కదు. మాది ముందే నాలుగేళ్ల పాతది కాబట్టి తేరుకోలేదు. కొత్తది పదిహేను వేల పైచిలుకు పడింది. ఆ పన్నెండు రోజుల్లో మెయిన్ దించి మిగిల్చిన కరెంటు మహా అయితే వంద రూపాయలు.

కాబట్టి పీకాలా వద్దా అనే ముందు, ఎందుకు పీకుతున్నామో ఒకసారి అనుకోవాలి.

బిల్లు తగ్గుతుందనా? సెట్‌టాప్ బాక్సు తీసుకోండి. రిమోట్‌తో ఆపినా అది నిజంగా ఆగదు, చేత్తో ముట్టుకుంటే వెచ్చగానే ఉంటుంది. పది వాట్లు తింటోంది అనుకుందాం. రోజుకి 240 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో పావు వంతు. పది రోజులకి రెండున్నర యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయలనుకున్నా పదిహేను రూపాయలు. టీవీ, ఏసీ, మైక్రోవేవ్ ఇవన్నీ స్టాండ్‌బైలో అంతకంటే తక్కువే తింటాయి. ఖాళీగా గోడకి వేలాడే ఫోన్ చార్జర్ లెక్క అయితే పైసల్లోకి వస్తుంది. తెలంగాణలో 200 యూనిట్ల లోపు గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లయితే ఈ లెక్కే అక్కర్లేదు. నిజంగా కరెంటు తినేది, మర్చిపోతే ఒళ్లు మండేది గీజర్. స్టోరేజీ గీజర్ ఆన్‌లో ఉండిపోతే ఎవరూ స్నానం చెయ్యకపోయినా నీళ్లు చల్లారుతుంటాయి, అది మళ్లీ కాస్తుంటుంది, మీరు తిరిగొచ్చేదాకా ఇదే పని. దాని స్విచ్ మాత్రం రెండుసార్లు చూసుకోండి. బిల్లు గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

పీకాల్సింది పిడుగు కోసం, వోల్టేజీ కోసం.

పిడుగు సరిగ్గా మన ఇంటి మీదే పడాలని లేదు. వీధి చివర లైను మీదో, దగ్గర్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మీదో పడితే ఆ దెబ్బ తీగల వెంట వచ్చి టీవీ బోర్డునీ, ఏసీలో సర్క్యూట్ బోర్డునీ, రూటర్‌నీ కొట్టేస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, పగలంతా మాడ్చేసి సాయంత్రానికి గాలివాన లేచే రోజులున్నాయే, మన దగ్గర పిడుగులకి అవే అసలు రోజులు. పిల్లలకి సెలవులని ఇళ్లకి తాళాలేసి అందరం ఊళ్లెళ్లేది కూడా అప్పుడే. సంక్రాంతికి వెళ్లేటప్పుడు ఈ భయం చాలా తక్కువ, జనవరిలో ఉరుములు అరుదు. నెల్లూరు, ప్రకాశం వైపు వాళ్లకి అక్టోబరు, నవంబరు కూడా లెక్కలోకి వస్తాయి.

రెండోది న్యూట్రల్ పోవడం. దీని గురించి ఎలక్ట్రీషియన్లు తప్ప ఎవరూ మాట్లాడరు గానీ, ఇళ్లలో సామాన్లు కాలిపోయే సంఘటనల్లో దీని చెయ్యి పెద్దది. స్తంభం మీద కరెంటు తెచ్చే ఫేజు తీగలు మూడు, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ తీగ ఒకటి వస్తాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, అదే ఫేజుకీ ఫేజుకీ మధ్య అయితే 400. గాలికి కొబ్బరి మట్ట తీగల మీద పడో, ఫ్యూజు కటౌటు దగ్గర జాయింటు వదులయ్యో న్యూట్రల్ తెగిపోయిందనుకోండి, ఏ ఫేజు మీద లోడు తక్కువుంటే అక్కడ వోల్టేజీ పైకి ఎగబాకుతుంది, 300, 350 కూడా దాటొచ్చు. త్రీఫేజు మీటరున్న ఇంట్లో ఒక ఫేజు మీద ఫ్రిజ్జు తిరుగుతూ ఇంకో ఫేజు మీద ఒక్క సెట్‌టాప్ బాక్సే ఉంటే మొదట పోయేది ఆ బాక్సే. అదేంటి, ఎంసీబీ (బోర్డులో తనంతట తానే పడిపోయే స్విచ్) పడిపోదా అనకండి. ఎంసీబీ చూసేది కరెంటు ఎంత లాగుతున్నారని, వోల్టేజీ ఎంతుందని కాదు. వస్తువు కాలి షార్టయ్యాక పడిపోతుంది, అప్పటికి అయిపోయినట్టే. మీటరు తర్వాత పెట్టుకునే ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్లు దొరుకుతున్నాయి, వోల్టేజీ హద్దు దాటితే మొత్తం కట్ చేసి, మామూలయ్యాక అవే కలుపుతాయి. ఏడాదిలో సగం రోజులు తాళమేసి ఉండే ఇంటికి నా దృష్టిలో ఇది ఇన్వర్టర్ కంటే ముందు కొనాల్సింది.

మరి స్విచ్ ఆపితే సరిపోదా?

ఇంటర్నెట్‌లో కనిపించే సలహాల్లో చాలా మటుకు అమెరికా వాళ్లవి. అక్కడ సాకెట్లకి మామూలుగా స్విచ్ ఉండదు, అందుకని వాళ్లకి పీకడం తప్ప దారి లేదు. మన బోర్డులో ప్రతి సాకెట్ పక్కనా స్విచ్ ఉంటుంది కాబట్టి స్టాండ్‌బై కరెంటు ఆపడానికి స్విచ్ చాలు, వోల్టేజీ ఎక్కువ తక్కువలకి కూడా చాలు. కాకపోతే ఆ స్విచ్ తెంపేది ఒక తీగనే. అది ఫేజు తీగ కావాలి. పాత ఇళ్లలో, ముఖ్యంగా తర్వాత అతుకులేసి పెంచిన వైరింగ్‌లో, ఫేజూ న్యూట్రలూ తారుమారై ఉండటం నేను చాలా చోట్ల చూశాను. చూసుకోవడం తేలిక. స్విచ్ ఆపి టెస్టర్‌తో సాకెట్ రెండు కన్నాల్లోనూ చూడండి, దేన్లో వెలిగినా ఆ బోర్డు స్విచ్‌ని నమ్మకండి, ఎలక్ట్రీషియన్ చేత మార్పించండి.

పిడుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏ స్విచ్చీ చాలదు. మబ్బు నుంచి నేల దాకా గాలిని చీల్చుకుంటూ వచ్చినదానికి స్విచ్ లోపల మూడు మిల్లీమీటర్ల సందు ఒక లెక్కా. ప్లగ్గు బయటికి లాగి, సాకెట్‌కి జానెడు దూరంలో పడెయ్యాలి. మెయిన్ దించినా ఇదే మాట, అదీ పెద్ద సైజు స్విచ్చే కదా. స్టెబిలైజరుంది కదా అంటారు కొందరు. అది వోల్టేజీ మెల్లగా తగ్గినప్పుడు, పెరిగినప్పుడు సర్దుతుంది, పిడుగు ముందు దాని పని జరగదు. స్పైక్ గార్డు పేరుతో అమ్మే ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో కొన్నిట్లో ఎర్ర స్విచ్ తప్ప ఏమీ ఉండదు.

ఇక్కడ చాలామంది వదిలేసేది ఇంకోటుంది. టీవీకి కరెంటు తీగ ఒక్కటే దారి కాదు. మేడ మీద డిష్ నుంచి కేబుల్ వస్తుంది, ఇంటి మొత్తంలో ఆకాశానికి దగ్గరగా ఉన్నది అదే. ప్లగ్గు పీకేసి డిష్ వైరు వదిలేస్తే దెబ్బ అటు నుంచి వచ్చి సెట్‌టాప్ బాక్సులోకి, అక్కణ్ణుంచి హెచ్‌డీఎంఐ వైరులోంచి టీవీలోకి వెళ్తుంది. మా వీధిలో ఒకాయన టీవీ అలాగే పోయింది, ప్లగ్గు పీకే ఉందని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు, నిజమే, పీకే ఉంది. అందుకని బాక్సు వెనక డిష్ వైరు మర తిప్పి ఊడదీయండి. ఇంటర్నెట్‌కి కూడా అంతే. సన్నటి ఫైబర్ వైరయితే గాజు కాబట్టి దాంట్లోంచి కరెంటు రాదు. ఒక బిల్డింగ్ మీంచి ఇంకో బిల్డింగ్ మీదకి లాక్కొచ్చిన రాగి లాన్ కేబులయితే తప్పకుండా రూటర్ నుంచి ఊడదీయాలి.

ఇంకో మాట, ఇవన్నీ బయల్దేరే ముందు ప్రశాంతంగా చెయ్యాల్సినవి. ఉరుములు మొదలయ్యాక గుర్తొచ్చిందని పరిగెత్తి ప్లగ్గులు పట్టుకోవద్దు, పోతే టీవీ పోతుంది. పిడుగుల హెచ్చరికలకి దామిని అనే యాప్ ఉంది, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లది. ఆంధ్రాలో అయితే విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఫోన్‌కి మెసేజీలు కూడా వస్తుంటాయి.

ఇప్పుడు ఎన్నాళ్లకి వెళ్తున్నారో చూసుకుని పని మొదలెట్టండి.

రెండు మూడు రోజులయితే, ఎండాకాలం గాలివానల రోజులు కాకపోతే, ఎక్కువ హడావుడి అక్కర్లేదు. గీజర్, మోటారు, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ స్టవ్, దోమల మందు మెషిన్ ఇవి చూడండి. దోమల మెషిన్ పేరుకి చిన్నదే, కానీ అది వేడి పుట్టించే వస్తువు, సాధారణంగా మంచం పక్కన కర్టెన్ కిందే ఉంటుంది. పూజగదిలో సీరియల్ బల్బులు, ఎలక్ట్రిక్ దీపాలు కూడా. ట్యాంకు నిండగానే ఆగిపోయే ఆటోమేటిక్ మోటారున్నవాళ్లు దాన్ని తప్పకుండా ఆపాలి, ఎక్కడో పైపు ఊడితే మీరొచ్చేదాకా బోరు నీళ్లు మేడ మీంచి కారుతూనే ఉంటాయి. ఆర్‌ఓ మెషిన్‌కి ప్లగ్గు పీకి, దానికొచ్చే కుళాయి కూడా కట్టెయ్యండి. ఎలక్ట్రిక్ స్కూటర్‌ని చార్జింగ్‌లో పెట్టి వెళ్లిపోవడం వద్దే వద్దు. లాప్‌టాప్, పవర్ బ్యాంకు కూడా ఏ పరుపు మీదో చార్జింగ్‌లో వదలకండి.

వారం, పది రోజులంటే అసలు సమస్య ఫ్రిజ్జు. దీన్ని ఆపాలా వద్దా అని ఇళ్లలో కొట్టుకునేంత పని అవుతుంది. నా పద్ధతి ఇది. పది రోజుల లోపయితే ఆన్‌లోనే ఉంచుతాను. ఫ్రిజ్జు మీద స్టార్ లేబుల్లో ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, 365తో భాగించి చూస్తే మామూలు సైజుది రోజుకి యూనిట్ లోపే వస్తుంది, దాని కోసం మొత్తం ఖాళీ చెయ్యడం దండగ. కానీ పాలు, పెరుగు, దోసెల పిండి, కొబ్బరి పచ్చడి, ఆకుకూరలు ఉంచను. ఆవకాయ ఎలాగూ బయటే ఉంటుంది, దానికి ఫ్రిజ్జు మర్యాదలక్కర్లేదు. డీప్ ఫ్రీజర్‌లో ఒక గిన్నెడు నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే సరే. మధ్యలోకో అడుక్కో దిగి ఉంటే మీరు లేనప్పుడు చాలాసేపు కరెంటు పోయి ఐసంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని, లోపల ఉన్నవి నమ్మకూడదని అర్థం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఆ తర్వాత ఊళ్లోకి తిరిగొచ్చి ఫ్రిజ్జు తలుపు తీసినవాళ్లని అడగండి ఆ వాసన సంగతి. తుపాను కబురుంటే మాత్రం రెండు రోజుల ప్రయాణానికైనా ఖాళీ చేసి వెళ్లడమే మేలు. ఇన్సులిన్ లాంటి మందులుంటే వెంట తీసుకెళ్లండి, లేదా పక్కింట్లో పెట్టండి.

పది రోజులు దాటితే ఫ్రిజ్జు ఖాళీ చేసి, ప్లగ్గు పీకి, ఐసు మొత్తం కరగనిచ్చి, కింద ట్రేలో నీళ్లు పారబోసి, లోపలంతా పొడిగుడ్డతో తుడిచి, ఆఖర్న తలుపు పూర్తిగా మూయకుండా మధ్యలో మడతపెట్టిన తువ్వాలు ఇరికించండి. లోపల రెండు బొగ్గు ముక్కలో, చిన్న గిన్నెలో వంటసోడానో పెడితే వాసన రాదు. తలుపు మూసేస్తే నల్లటి బూజు పట్టి, రబ్బరు దాకా పాకి, ఎంత కడిగినా వదలదు. ఇది ప్రయాణం రోజు పొద్దున చేసే పని కాదు, ముందు రోజు రాత్రే మొదలెట్టాలి.

ఇన్వర్టర్ సంగతికి మళ్లీ వస్తాను, దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి. మెయిన్ దించాలనుకుంటే వరస ఇది. ముందు ఇన్వర్టర్ ముందున్న బటన్ ఆపండి, దాని ప్లగ్గు కూడా తీసెయ్యండి, ఆ తర్వాతే మెయిన్ దించండి. దించాక ఫ్యాను స్విచ్ వేసి చూడండి, తిరిగితే ఎక్కడో ఇన్వర్టర్ ఇంకా నడుస్తోందన్నమాట. మెయిన్ దించకుండా వెళ్తుంటే మాత్రం బటన్ ఒక్కటి ఆపి ప్లగ్గు ఉంచేయండి. చాలా ఇన్వర్టర్లు బటన్ ఆపినా చార్జింగ్ చేస్తూనే ఉంటాయి, కరెంటు పోతే బ్యాటరీని మాత్రం వాడవు. మీది అలాంటిదో కాదో ఒకసారి బటన్ ఆపి చార్జింగ్ లైటు వెలుగుతోందా చూసుకుంటే సరి. ఏదైనా సరే డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి వెళ్లండి.

మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నవాళ్లు మెయిన్ దించే ముందు ఆగండి. గ్రిడ్‌కి కలిపిన సోలార్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు లేకపోతే తనంతట తానే ఆగిపోతుంది, లైను మీద పనిచేసే మనుషుల ప్రాణాల కోసం అలా చేశారు. మీది మెయిన్ తర్వాత కలిపి ఉంటే, మెయిన్ దించిన క్షణం నుంచి ఉత్పత్తి సున్నా. ఇంట్లో ఎవరూ లేని రోజుల్లోనే యూనిట్లన్నీ బయటికెళ్లి ఖాతాలో పడేది, ఎండాకాలంలో అది వదులుకోవడం అన్యాయం. సోలార్ వైపు వదిలేసి ఇంటి లోపలి ఎంసీబీలు మాత్రం దించండి.

సీసీ కెమెరా, వైఫై, చేపల తొట్టి ఉన్నవాళ్లు ఎలాగూ మొత్తం ఆపలేరు. వీటిని ఒకే ఎంసీబీ మీదకి తెచ్చుకుంటే మిగతావన్నీ నిశ్చింతగా దించెయ్యొచ్చు, ఎలక్ట్రీషియన్‌కి అది పెద్ద పని కాదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే కట్ చేసే స్విచ్) ఉంటే వానల్లో చెమ్మకి అదే పడిపోయే అవకాశం ఉంది, అందుకని పక్కింటి ఆంటీకో వాచ్‌మన్‌కో ఒక తాళంచెవి ఇచ్చి, ఏ స్విచ్ ఎక్కడుందో చూపించి, వీధిలో సమస్యయితే 1912కి ఫోన్ చెయ్యమనండి. దొంగల కోసమని వరండా లైటు వేసి వెళ్లే అలవాటు మానెయ్యండి, పట్టపగలు వెలుగుతున్న లైటు ఇంట్లో ఎవరూ లేరని వీధంతటికీ చెబుతుంది. చీకటి పడితే తనంతట తానే వెలిగే సెన్సర్ బల్బులు తక్కువలోనే వస్తున్నాయి.

కింది అంతస్తులో ఉండి వానాకాలంలో వెళ్తుంటే నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఏమీ ఉంచకండి, మెయిన్ కూడా దించేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు కింది సాకెట్లు ఏమయ్యాయో ఊహించుకోవచ్చు.

ఇక ఆరు నెలలు అమెరికాలో పిల్లల దగ్గరికెళ్లే అమ్మానాన్నలు. వీళ్లకి తర్జనభర్జన అక్కర్లేదు, అన్నీ పీకడమే, మెయిన్ దించడమే. బ్యాటరీ పూర్తిగా చార్జింగ్ పెట్టి, నెగెటివ్ తీగ ఊడదీసి, వీలైతే రెండు మూడు నెలలకోసారి ఎవరైనా వచ్చి ఒక రోజంతా చార్జింగ్ పెట్టేలా చూడండి. ఊరికే ఉన్నా బ్యాటరీ కొద్దికొద్దిగా దిగిపోతూనే ఉంటుంది, వేడిలో ఇంకా తొందరగా. టీవీ, ఏసీ రిమోట్లలో సెల్లు తీసెయ్యండి, కారి తుప్పు పట్టిస్తాయి. ఏసీ బయటి యూనిట్‌లోకి బల్లులూ ఎలుకలూ దూరతాయి, తిరిగొచ్చాక ఆన్ చేసే ముందు ఒకసారి తొంగి చూడాలి. వాడకం లేకపోయినా ఎంతో కొంత బిల్లు వస్తూనే ఉంటుంది, అది కట్టకపోతే కనెక్షన్ తీసేస్తారు, కాబట్టి పిల్లల ఫోన్‌లో సర్వీసు నంబరు ఎక్కించి వెళ్లండి.

తిరిగొచ్చాక అన్నీ ఒక్కసారి వెయ్యకండి. అన్ని స్విచ్‌లూ ఆపి ఉండగా మెయిన్ ఎత్తి, లైటు ఒకటి వేసి, వెలుతురు మామూలుగా ఉందా, మరీ మిరుమిట్లు గొలుపుతోందా చూడండి. మరీ తెల్లగా మండుతుంటే వెంటనే దించి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. బాగుంటే ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి అది పడుతోందో లేదో చూసి, మళ్లీ ఎత్తి, ఇన్వర్టర్, ఫ్రిజ్జు, తర్వాత మిగతావి ఒక్కొక్కటీ. గీజర్ అన్నిటికంటే ఆఖర్న, అదీ వేడినీళ్ల కుళాయి తిప్పి నీళ్లు ధారగా వస్తున్నాయని చూశాకే. ట్యాంకు ఖాళీ అయి, గీజర్లో నీళ్లు లేకుండా స్విచ్ వేస్తే కాయిల్ కాలిపోతుంది.